గెలిచిన తర్వాత కూడా మన మనిషే: జెట్టి ఈశ్వరీబాయి జీవితం



మన సంచికల్లో కొమురం భీం గురించి, సేవాలాల్ మహరాజ్ గురించి, సమ్మక్క సారలమ్మల గురించి మీరు ఏటా చదువుతూనే ఉన్నారు. ఈసారి మేము మన తెగలో పుట్టని ఒక తల్లి గురించి రాస్తున్నాం. దానికి కారణం ఉంది. మా హాస్టల్‌లో ఉండి ఇంటర్ పూర్తిచేసిన ఆడపిల్లలు కొందరు ఈమధ్య మొదటిసారి ఓటు వేశారు. వేసొచ్చాక వాళ్లు మమ్మల్ని ఒకటే అడిగారు. ఓట్లప్పుడు తండాకు వచ్చిన వాళ్లు గెలిచాక ఎక్కడ దొరుకుతారు, వాళ్లను కలవాలంటే ఏం చేయాలి అని. వెంటనే జవాబు చెప్పలేకపోయాం. తర్వాత సికింద్రాబాద్ బిడ్డ ఈశ్వరీబాయి గారి కథ చెప్పాం. అదే మీకూ చెబుతున్నాం.

ఈశ్వరీబాయి గారు 1918 డిసెంబరు 1న సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. తండ్రి బలరామస్వామి నిజాం రైల్వేలో ఉద్యోగి. తల్లి రాములమ్మ. ఆ రోజుల్లో ఆడపిల్లను బడికి పంపడమే అరుదు. అంటరానితనం ఎదుర్కొనే ఇంట్లోంచి ఆడపిల్ల హైస్కూలు దాకా వెళ్లడం ఇంకా అరుదు. ఆమె మాత్రం ఎస్.పి.జి. మిషన్ స్కూల్లో, ఆ తర్వాత కీస్ హైస్కూల్లో చదివారు. చిన్న వయసులోనే పుణెలోని దంతవైద్యుడు జెట్టి లక్ష్మీనారాయణ గారితో పెళ్లయింది. కొన్నేళ్లకు కూతురు గీతను తీసుకుని సికింద్రాబాద్ తిరిగి వచ్చారు. బిడ్డను పెంచాలి, తన కాళ్ల మీద తాను నిలబడాలి. అందుకు ఆమె ఎంచుకున్న పని పాఠాలు చెప్పడం. పరోపకారిణి బాలికా పాఠశాలలో టీచరుగా చేరారు. ఇళ్లకు వెళ్లి ట్యూషన్లు కూడా చెప్పారు. గీతా విద్యాలయం పేరిట తానే ఒక బడి నడిపారు. అందులో పేద ఆడవాళ్లకు చేతిపనులు కూడా నేర్పించారు.

మేము కూడా టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. టీచరుకు పిల్లవాడితోపాటు వాడి ఇల్లు కూడా తెలుస్తుంది. పుస్తకం ఎందుకు కొనలేదో, సోమవారం బడికి ఎందుకు రాలేదో, అమ్మ కూలికి ఎక్కడికి పోయిందో తెలుస్తుంది. ఈశ్వరీబాయి గారికి బస్తీ తెలిసింది కూడా మొదట ఇలాగే. ఓటు అడగడానికి చాలా ముందే ఆమె ఆ ఇళ్ల మనిషి అయిపోయారు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, ఇంగ్లిష్ మాట్లాడగలగడం ఆమెకు పెద్ద బలం. సికింద్రాబాద్ అంటేనే పది భాషల ఊరు. ఎవరి బాధ వారి భాషలో వినగలిగితే సగం దూరం తగ్గినట్టే.

హైదరాబాద్ రాష్ట్రంలో 1950లో సికింద్రాబాద్‌కు ప్రత్యేకంగా మున్సిపల్ కార్పొరేషన్ ఏర్పడింది. 1960లో దాన్ని హైదరాబాద్ కార్పొరేషన్‌లో కలిపేశారు. సికింద్రాబాద్ కార్పొరేషన్ తొలి ఎన్నికల్లో ఈశ్వరీబాయి గారు చిలకలగూడ వార్డు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. వెనక పార్టీ లేదు, డబ్బు లేదు. అయినా గెలిచారు. గెలిచాక ఆమె పట్టించుకున్నవి బస్తీ సమస్యలే. నల్లా నీళ్లు, వీధి దీపాలు, రోడ్లు, తలదాచుకోవడానికి ఇంటి జాగా. ఇవి చిన్న పనుల్లా కనిపిస్తాయి. నీళ్ల బిందె మోసే ఆడదానికి మాత్రం నల్లా కన్నా పెద్ద పని ఇంకోటి లేదు.

వార్డు సభ్యురాలికి తప్పించుకునే దారి ఉండదు. ఆమె ఉండేది ఆ గల్లీల మధ్యనే. మోరీ పొంగితే వాసన ఆమె ఇంటికీ వస్తుంది. పని కాకపోతే పొద్దున్నే గుమ్మంలో మనుషులు నిలబడతారు. జనంతో సంబంధం పోకుండా ఉండడం ఆమెకు అక్కడ అలవాటైంది. ఆ తర్వాత వచ్చిన పెద్ద పదవికి అదే పునాది అని మేము అనుకుంటాం.

డాక్టర్ అంబేడ్కర్ భావాలు ఆమెను షెడ్యూల్డ్ క్యాస్ట్స్ ఫెడరేషన్ వైపు, తర్వాత రిపబ్లికన్ పార్టీ వైపు నడిపించాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి నాయకురాలయ్యారు. 1967లో నిజామాబాద్ జిల్లా ఎల్లారెడ్డి నియోజకవర్గం నుంచి శాసనసభకు పోటీ చేశారు. అప్పుడు అది ఎస్సీ రిజర్వుడు స్థానం. ఎదుట ఉన్నది మామూలు మనిషి కాదు. అప్పటికే మంత్రిగా, డిప్యూటీ స్పీకరుగా పనిచేసిన టి.ఎన్. సదాలక్ష్మి గారు. ఆమెది కూడా సికింద్రాబాద్ ప్రాంతమే, ఆమె కూడా దళిత స్త్రీయే. ఆ పోటీలో ఈశ్వరీబాయి గారు గెలిచి మొదటిసారి శాసనసభలో అడుగుపెట్టారు.

ఇక్కడే అసలు పరీక్ష మొదలైంది. చిలకలగూడలో ఆమె ఇల్లు, ఓటరు ఇల్లు పక్కపక్కనే. ఎల్లారెడ్డి మాత్రం సికింద్రాబాద్‌కు వంద కిలోమీటర్లు దాటిన దూరం. కామారెడ్డి దాకా రైలు ఉన్నా, అక్కడి నుంచి ఊళ్లకు, తండాలకు పోవాలంటే ఇంకో ప్రయాణం. ఫోను ఉన్న ఇల్లు ఊరికొకటి కూడా లేని కాలం. పట్నం నుంచి వచ్చిన మనిషి గెలిచి పట్నానికే వెళ్లిపోతుందని ఎవరైనా అనుమానపడితే తప్పు పట్టలేం.

ఆ ప్రాంతంలో మన లంబాడీ తండాలు చాలా ఉన్నాయి. ఒక సంగతి ఈ తరానికి తెలియాలి. 1967లో తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలో లేరు. ఆంధ్ర ప్రాంతంలో ఎస్టీలుగా ఉన్న వాళ్లకు తెలంగాణలో ఆ గుర్తింపు 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతోనే వచ్చింది. అంటే ఆ తండాల్లో ఓటు ఉంది, సర్టిఫికెట్ లేదు. నియోజకవర్గం ఎస్సీలకు రిజర్వు అయినా అక్కడ ఓటు వేసేది అన్ని కులాలు, అన్ని తెగలూ. గెలిచినవారు అందరికీ ప్రతినిధే. తండావాడి ఓటుతో గెలిచినవారు తండాకు కూడా జవాబుదారే.

జనంతో సంబంధం అంటే ఊరికి వచ్చి పోవడమే కాదు. ఊళ్లో విన్న మాటను శాసనసభ దాకా మోసుకెళ్లడం కూడా. అప్పటి సభలో 287 మంది సభ్యులుండేవారు. ఈశ్వరీబాయి గారి పార్టీవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మంత్రి పదవి లేదు, పెద్ద పార్టీ అండ లేదు. చేతిలో ఉన్నది ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్నను ఆమె గట్టిగా వాడుకున్నారు. రిజర్వేషన్ల అమలు, భూమి లేని పేదలు, ఆడపిల్లల చదువు, దళితుల మీద దాడులు అన్నీ ఆమె నోట సభలో వినిపించాయి.

1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుడి మీద దొంగతనం మోపి సజీవంగా తగలబెట్టారు. అది ఆమె నియోజకవర్గం కాదు, ఆమె జిల్లా కాదు. అక్కడ ఆమెకు ఒక్క ఓటు కూడా లేదు. అయినా ఆ విషయాన్ని ఆమె సభలో వదిలిపెట్టలేదు. ఆ రోజుల్లోనే ఒక మంత్రి దళితులను కించపరుస్తూ మాట్లాడితే నిండు సభలో ఎదురు తిరిగారు. గొంతు లేనివాళ్ల తరఫున మాట్లాడేటప్పుడు ఆమె ఓట్ల లెక్క చూసుకోలేదు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం లేచింది. విద్యార్థులు, ఉద్యోగులు రోడ్ల మీదికి వచ్చారు. ఈశ్వరీబాయి గారు వారితో నడిచారు, అరెస్టయి జైలుకు వెళ్లారు. రెండేళ్ల కింద ఎల్లారెడ్డిలో ప్రత్యర్థిగా నిలిచిన సదాలక్ష్మి గారు కూడా అదే ఉద్యమంలో ముందు నిలిచారు. ఎన్నికల పోటీని ఇద్దరూ ఎన్నికల దగ్గరే వదిలేశారు. ఊళ్లలో ఓట్ల తర్వాత ఏళ్ల తరబడి మాటలు మానేసే మన అన్నదమ్ములు ఇది గుర్తుంచుకోవాలి.

1971లో తెలంగాణ ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఆమె అటు వెళ్లలేదు. 1972 ఎన్నికల్లో కాంగ్రెస్ గాలి బలంగా వీచింది, 219 స్థానాలు ఆ పార్టీకే వచ్చాయి. అంత గాలిలోనూ ఎల్లారెడ్డి ఓటర్లు ఈశ్వరీబాయి గారినే రెండోసారి గెలిపించారు. మేము పిల్లలకు ఈ జీవితంలో ముఖ్యంగా చూపించేది ఇదే. మొదటి గెలుపు ఆశతో ఇచ్చేది. రెండోది అయిదేళ్లు చూశాక ఇచ్చేది. పట్నం మనిషి అన్న అనుమానానికి ఆ ఊళ్లు ఓటుతోనే జవాబు చెప్పాయి.

1978 వరకు ఆమె శాసనసభ్యురాలిగా ఉన్నారు. 1991 ఫిబ్రవరి 24న కన్నుమూశారు. కూతురు గీతారెడ్డి గారు డాక్టరై, తర్వాత రాష్ట్ర మంత్రిగా పనిచేశారు. సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఈశ్వరీబాయి గారి విగ్రహం ఉంది. పట్నంలో చదివే మన పిల్లలు ఎప్పుడైనా అటు వెళ్తే ఒక నిమిషం ఆగండి.

ఇక మా పిల్లలు అడిగినదానికి జవాబు. తెలంగాణ శాసనసభలో 119 స్థానాలుంటే ఎస్టీలకు రిజర్వు అయినవి 12. మన గూడేలు, తండాలు మిగతా నియోజకవర్గాల్లోనూ ఉన్నాయి. మీ ఎమ్మెల్యే ఏ కులమైనా, మీరు ఓటు ఎవరికి వేసినా, గెలిచాక ఆయన లేదా ఆమె మీ ప్రతినిధే. అడగడానికి మొహమాటం వద్దు. అయితే అడిగే పద్ధతి నేర్చుకోండి. ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. ఊరు, తేదీ, ఎన్ని ఇళ్లకు ఇబ్బందో స్పష్టంగా రాయండి. పదిమంది సంతకాలు పెట్టించండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకుని దాని మీద అందినట్టు సంతకం తీసుకోండి. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో కూడా ఇవ్వండి. నెల తర్వాత ఆ కాపీ పట్టుకుని మళ్లీ వెళ్లండి.

మా హాస్టల్‌లో ఒక ఏడాది బోరు మోటారు కాలిపోయింది. మేము నోటిమాటగా ఎన్నిసార్లు చెప్పినా ఒక ఆఫీసులో ఎవరూ కదల్లేదు. చివరికి పిల్లలే కూర్చుని అర్జీ రాశారు. రోజుకు ఎన్ని బిందెలు, ఎంత దూరం నుంచి మోస్తున్నారో అందులో లెక్క రాశారు. ఆ కాగితం కదిలింది, మోటారు వచ్చింది. సంబంధం రెండు వైపుల నుంచీ ఉండాలని మాకు ఆరోజే బాగా అర్థమైంది.

మీలో రేపు సర్పంచ్ అయ్యేవాళ్లున్నారు, ఎమ్మెల్యే అయ్యేవాళ్లూ ఉన్నారు. ఆరోజు మిమ్మల్ని వెతుక్కుంటూ ఏదో తండా నుంచి ఒక ముసలమ్మ కాగితం పట్టుకుని వస్తుంది. ఆమెను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఆ కాగితం చదవండి. ఈశ్వరీబాయి గారిని తలుచుకోవడం అంటే మా దృష్టిలో అదే.