మాంటెవెర్డీ: రాని పింఛను, నిలిచిన పాట

1613లో జహంగీర్ ఫర్మానాతో ఇంగ్లిష్ కంపెనీ సూరత్‌లో కొఠీ పెట్టుకుంది. వెనిస్ బంగారు నాణేలు ఎర్రసముద్రం మీదుగా ఈ రేవుకు చేరుతున్న కాలమది. అదే ఏడాది ఆగస్టులో వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చి, భార్యను పోగొట్టుకున్న 46 ఏళ్ల మనిషిని ఏటా 300 డకట్ల జీతానికి సంగీతాధిపతిగా నియమించింది. ఆయన పేరు క్లాడియో మాంటెవెర్డీ.

క్రెమోనాలో వైద్యం చేసుకునే తండ్రికి 1567లో పుట్టాడు. మాంటువాలో గొంజాగా ప్రభువుల కొలువులో ఇరవై ఏళ్లకు పైగా గడిపాడు. 1607 ఫిబ్రవరిలో 'ఓర్ఫియో' ఒపెరాతో పేరొచ్చింది. సెప్టెంబరులో గాయని అయిన భార్య క్లాడియా ఇద్దరు కొడుకులను వదిలి కన్నుమూసింది. ఆ దుఃఖం ఆరకముందే రాజకుమారుడి పెళ్లికి కొత్త ఒపెరా రాయమని ఆజ్ఞ. నాయిక పాత్రకు అనుకున్న యువ గాయనిని మశూచి పొట్టనబెట్టుకుంది. ఒళ్లు చెడి పుట్టింటికి చేరిన కొడుకును వదిలేయమని తండ్రి ప్రభువులకు విన్నవించుకున్నాడు. వాళ్లు వదల్లేదు. పింఛను ఇస్తామని మాటిచ్చారు.

1610లో సాయంకాల ప్రార్థనల సంగీతం 'వెస్పర్స్' అచ్చువేసి, పోప్ అయిదవ పాల్‌కు అంకితమిచ్చి రోమ్ వెళ్లాడు. పెద్దకొడుక్కి సెమినరీలో సీటు అడిగితే దొరకలేదు. గొప్ప భక్తి సంగీతం వెనక ఒక తండ్రి సిఫారసు ప్రయత్నం ఉందంటే నాకేమీ చిన్నతనంగా తోచదు.

ఆ సంగీతం పని తీరు సూరత్ మగ్గాల మీద బతికే మన తెలుగువాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. చర్చి పాత మంత్రపు వరస పడుగులా కదలకుండా సాగుతుంటే, మిగతా గొంతులు, వాద్యాలు పేకలా దాని మీదుగా పోతుంటాయి. పడుగు పాతది, నేత కొత్తది. ఇప్పటికీ కళాకారులు దీని చుట్టూ చేరుతున్నారు. 2017లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని పాత గ్యాస్ గిడ్డంగిలో దీన్ని పాడినప్పుడు దర్శకుడు పియెర్ ఆడీకి తోడుగా శిల్పి బెర్లిండే డి బ్రూకెరే పనిచేసింది.

1612లో కొత్త ప్రభువు ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేశాడు. మరుసటేడు వెనిస్‌కు వెళ్తుంటే దారిలో దొంగలు దోచుకున్నారు. వెనిస్ మాత్రం ఆదరించింది. జీతం 400 డకట్లయింది, అదీ వేళకు అందేది. 1630 నాటి ప్లేగు నగరంలో దాదాపు మూడోవంతు మందిని తీసుకుపోయింది. బతికి బయటపడ్డ మాంటెవెర్డీ 1632లో మతగురువయ్యాడు.

1643 నవంబరు 29న చనిపోయాడు. ఆ ఏడాది కూడా, 76 ఏళ్ల వయసులో, మాంటువా పింఛను బాకీ కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు.