బొగ్గుతో ప్రాణాలు నిలిపిన శాస్త్రజ్ఞుడు

రసాయనశాస్త్రం చదివే మనకు హెల్-వోల్హార్డ్-జెలిన్‌స్కీ చర్య సుపరిచితమే. అందులోని మూడవ నామధేయం వెనుకనున్న జీవితాన్ని పాఠకులకు పరిచయం చేయడమే మా సంకల్పం.

నికొలాయ్ జెలిన్‌స్కీ 1861లో, నాటి రష్యా సామ్రాజ్యంలోని తిరాస్పోల్ పట్టణంలో జన్మించాడు. బాల్యంలోనే తల్లిదండ్రులను కోల్పోయి, అవ్వ పోషణలో పెరిగాడు. 1884లో ఒడెస్సాలో పట్టం పొంది, ఉన్నత పరిశోధనకై జర్మనీకి వెళ్లాడు. అక్కడ గోటింగెన్ ప్రయోగశాలలో తాను తయారుచేసిన ఒక ద్రవం వల్ల తీవ్రంగా గాయపడ్డాడు. తదుపరి కాలంలో మస్టర్డ్ గ్యాస్ పేరిట లోకాన్ని వణికించిన విషం అదే. 1893లో మాస్కో విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన ఆయన, విశ్వవిద్యాలయ స్వేచ్ఛపై ప్రభుత్వ జోక్యాన్ని నిరసిస్తూ 1911లో ఆ పదవినే త్యజించాడు.

1915 ఏప్రిల్ 22న ఈప్ర్ వద్ద జర్మన్ సేనలు క్లోరిన్ వాయువును ప్రయోగించాయి. కొద్ది వారాలకే రష్యా సైనికులకూ ఆ గతి పట్టింది. రసాయనాలలో తడిపిన గుడ్డ క్లోరిన్‌ను అడ్డగలదు. కాని శత్రువు వాయువును మార్చితే అది నిరుపయోగం. ఏ వాయువునైనా పట్టగల పదార్థమేది? సారాయిని శుద్ధిచేసే సామాన్యమైన బొగ్గువైపు జెలిన్‌స్కీ దృష్టి మళ్లింది. గంధకపు పొగ నిండిన గదిలో, చేతిరుమాలులో చుట్టిన బొగ్గుపొడి ద్వారా శ్వాసిస్తూ తానే పరీక్షకు నిలిచాడు. ఇంజనీరు కుమ్మాంత్ రూపొందించిన రబ్బరు తొడుగుతో జతపడి, 1916లో ఆ ముసుగు సైనికులకు అందింది. ప్రాణరక్షణ సాధనంపై లాభమార్జించ నిచ్చగించక, ఆయన పేటెంటు తీసుకోలేదు.

బొగ్గులో ఇంతటి శక్తి ఎక్కడిది? ఉత్తేజితం చేసిన ఒక గ్రాము బొగ్గులోని సూక్ష్మరంధ్రాల ఉపరితలం 1000 చదరపు మీటర్లను మించవచ్చు. వాయు అణువులు ఆ గోడలకు అంటుకొని నిలుస్తాయి, ఇదే అధిశోషణం. అయితే హైడ్రోజన్ సయనైడ్ వంటి చిన్న అణువులను వట్టి బొగ్గు గట్టిగా పట్టలేదు. అందుకే తరువాతివారు రాగి, వెండి, క్రోమియం సమ్మేళనాలను బొగ్గులో చేర్చారు. అప్పుడు పట్టు రసాయన బంధంగా మారింది. నేడు బొగ్గు నిర్మాణంలోనే నైట్రోజన్ పరమాణువులను పొదిగి, ఉపరితలానికి క్షారగుణం కలిగించి, ఆమ్లగుణం గల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టే యత్నాలు సాగుతున్నాయి. చేర్పు మితిమీరితే రంధ్రాలే మూసుకుపోతాయి. కనుక పాళము తెలియడమే ఈ విద్యలోని మర్మం.

జెలిన్‌స్కీ 1953లో, తొంబది రెండేండ్ల వయసున మాస్కోలో కన్నుమూశాడు. యౌవనంలో విషాన్ని సృష్టించి గాయపడిన చేతులే, ప్రౌఢవయసులో విషానికి అడ్డు నిలిచాయి. విజ్ఞానాన్ని ఏ దిక్కుకు నడపాలో నిర్ణయించేది శాస్త్రం కాదు, శాస్త్రజ్ఞుని హృదయమేనని మా సోదర విద్యార్థులు గ్రహింతురు గాక!