రికాబులు లేని రౌతు: సర్ థామస్ మన్రో

మన ప్రత్యేక సంచికకు ఈ ప్రాంతంతో సంబంధం ఉన్న ఒక ప్రముఖుని జీవితం గురించి నాలుగు పేజీలు రాసి ఇమ్మని సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, రెవెన్యూ శాఖలో గుమాస్తాగా జీవితం గడిపినవాణ్ణి గనుక నాకు వెంటనే తట్టిన పేరు మన్రో దొరది. జమాబందీ లెక్కలు కట్టిన ప్రతివారికీ ఆయన రైతువారీ పద్ధతి తెలిసిందే. కాబట్టి దాన్ని గురించి మళ్ళీ పాఠం చెప్పను. ఆయన గుర్రాన్ని గురించి చెబుతాను. ఇదేమి వింత అని మిత్రులు అనుకోవద్దు. దానికి కారణం ఉంది.

2011లో మా చిన్నమ్మాయి గ్రూప్-1లో పోలీసు ఉద్యోగానికి ఎంపికై శిక్షణకు వెళ్ళింది. అప్పటికి దానికి ఇరవై తొమ్మిదేళ్ళు. శిక్షణలో గుర్రపు స్వారీ తప్పనిసరి అట. రెండో వారంలో గుర్రం మీదనుంచి పడి భుజం కమిలిపోయింది. ఆ రాత్రి ఫోన్ చేసి, నాన్నా, దెబ్బకంటే భయమే ఎక్కువగా ఉంది, గుర్రాన్ని చూస్తే కాళ్ళు వణుకుతున్నాయి, ఉద్యోగం మానుకొని వచ్చేస్తానని ఏడ్చింది. మా బుక్కరాయసముద్రంలో మా ఇంటి ఏడు తరాలలో గుర్రం ఎక్కినవాడు లేడు. నా మటుకు నేను సైకిలు నేర్చుకున్నదే ముప్పై ఒకటో ఏట. చెరువు కట్ట మీద ఎదురుగా ఎద్దులబండి వస్తే దిగి నిలబడేవాణ్ణి. ఇక గుర్రం గురించి ఆడపిల్లకు నేనేం ధైర్యం చెప్పగలను? ఫోన్‌లో ఏదో గొణిగి పెట్టేశాను. మర్నాడు కూర్చొని ఆరు పేజీల ఉత్తరం రాశాను. అందులో రాసింది మన్రో కథే. ఈ వ్యాసం ఆ ఉత్తరానికి పెంచిన ప్రతి అనుకోండి.

థామస్ మన్రో 1761 మే 27న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో పుట్టాడు. తండ్రి అలెగ్జాండర్ మన్రో వర్జీనియా పొగాకు వ్యాపారి. అమెరికా వలస రాజ్యాలు ఇంగ్లండు మీద తిరగబడడంతో ఆ వ్యాపారం కూలిపోయి కుటుంబం చితికిపోయింది. అలా చితికిన ఇంటి కుర్రవాళ్ళకు ఆ రోజుల్లో ఈస్టిండియా కంపెనీ కొలువే గతి. పద్దెనిమిదేళ్ళ మన్రో 1780 జనవరిలో చెన్నపట్నంలో పదాతిదళ కేడెట్‌గా దిగాడు. పదాతి అంటే కాలినడక సిపాయి. ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఆ సంవత్సరమే హైదర్ అలీ తన అశ్వబలంతో కర్ణాటక మైదానం మీదికి దిగాడు. సెప్టెంబరులో పొల్లిలూరు దగ్గర బెయిలీ దళం సర్వనాశనమైంది. మన్రో ఉన్న పెద్ద సేన మరొక మన్రో, అంటే హెక్టర్ మన్రో, నాయకత్వంలో ఫిరంగులు వదులుకొని చెన్నపట్నానికి తిరుగుముఖం పట్టింది. కాలిబంట్లకు తిండిగింజ అందకుండా చుట్టూ తిరిగి దారులు కట్టేసింది హైదర్ రౌతులే. గుర్రం ఉన్నవాడికీ లేనివాడికీ తేడా ఏమిటో ఆ కుర్రవాడు అలా ఎదుటి పక్షం నుంచి తెలుసుకొని ఉంటాడు.

తరువాతి తొమ్మిదేళ్ళు కటిక దరిద్రం. 1789లో చెల్లెలికి రాసిన ఉత్తరంలో తన సంసారాన్ని తనే ఎగతాళి చేసుకున్నాడు. మూడేళ్ళపాటు తలకింద దిండు లేదు, పుస్తకమో తూటాల సంచో పెట్టుకొని పడుకున్నాడు. ఇంటి నుంచి తెచ్చుకున్న పెద్ద కోటు చేతుల్లో కాళ్ళు దూర్చుకొని, దాన్నే దుప్పటిగా కప్పుకొన్నాడు. ఇంత లేమిలోనూ తల్లిదండ్రులకు డబ్బు పంపుతూనే వచ్చాడు. మన తరంలో నెల జీతం రాగానే మొదట మనియార్డరు ఫారం నింపినవాళ్ళకు ఆ కష్టం వేరే చెప్పనక్కరలేదు.

అప్పుడు ఆయనకు ఒక గుర్రం ఉండేది. ముసలిది, నీరసపడినది. ప్రయాణం కట్టినప్పుడల్లా మూడింట రెండు వంతుల దారి దాని పక్కన తనే నడవవలసి వచ్చేది. అది చచ్చిపోతే మరొకటి కొనే స్తోమతు లేదు. ఇరవై ఎనిమిదేళ్ళ వయసున్న ఆ లెఫ్టినెంటు, అరిగిపోయిన గుర్రం కళ్ళెం పట్టుకొని దాని నడకతో తన నడక కలుపుకొంటూ వేలూరు దారిలో పోతున్న దృశ్యం నాకు ఆయన విగ్రహం కంటే ఇష్టం. దిగి నడిచినవాడికి గుర్రం చెవులు ఎటు తిప్పుతున్నదీ, ఎక్కడ బెదురుతున్నదీ, ఏ కాలు ఈడుస్తున్నదీ తెలుస్తుంది. ఇది నా ఊహ అనుకున్నాను. కానీ మా అమ్మాయి శిక్షకుడు కూడా అదే చేయించాడట. పడినవాళ్ళను వెంటనే ఎక్కనివ్వకుండా వారం రోజులు మాలీషు చేయించి, దాణా పెట్టించి, కళ్ళెం పట్టుకొని మైదానం చుట్టూ నడిపించాడు. రౌతు గుండె దడ గుర్రానికి తొడల గుండా తెలిసిపోతుందట. బిగుసుకున్న కొద్దీ అది బెదురుతుంది. అందుకే మొదట ఇద్దరికీ పరిచయం కావాలి. రౌతు కొద్దీ గుర్రం అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

1792లో టిప్పు సుల్తాను నుంచి బారామహల్, అంటే కృష్ణగిరి, ధర్మపురి సీమ, కంపెనీకి వచ్చింది. కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ కింద సహాయకుడిగా మన్రోను వేశారు. ఆయనకు యుద్ధం తెలుసు, పారశీకం, హిందుస్తానీ తెలుసు. శిస్తు లెక్క మాత్రం తెలియదు. ముప్పై ఒకటో ఏట, ఏమీ తెలియని పనిలో ఓనమాల నుంచి మొదలుపెట్టాడు. నేను సైకిలు నేర్చుకున్న వయసే అది. ఉత్తరంలో ఈ మాట రాసినప్పుడు మా అమ్మాయి నవ్వుకున్నదట. ఏడేళ్ళు ఊరూరా తిరిగి, కరణం చెప్పినదాన్ని రైతును అడిగి, రైతు చెప్పినదాన్ని పొలంలో చూసి ఆ పని నేర్చాడు. ధర్మపురిలో తన చేత్తో పెంచుకున్న తోటను విడిచిపోవలసి వచ్చినప్పుడు చాలా బాధపడ్డాడు.

1799లో శ్రీరంగపట్టణం పడిన తరువాత ఏడాదికి పైగా కెనరా సీమలో పనిచేశాడు. ఆ కొండలూ వానలూ ఆయనకు గిట్టలేదు. ఇంతలో 1800 అక్టోబరులో నిజాం తన రాజ్యంలో ఉంచుకొన్న కంపెనీ సేన ఖర్చు కింద మన సీమను కంపెనీకి ధారపోశాడు. అందుకే దత్తమండలం అన్నారు. రాయలసీమ అన్న గౌరవమైన పేరు 1928 నంద్యాల సభలలో గాని రాలేదు. ఈ దత్తమండలానికి ప్రిన్సిపల్ కలెక్టరుగా మన్రో వచ్చి అనంతపురాన్ని తన మకాముగా చేసుకున్నాడు. పండమేరుకు అడ్డంగా బుక్కరాయల కాలంలో, పద్నాలుగో శతాబ్దిలో, కట్టిన మా చెరువు అప్పటికే నాలుగు వందల ఏళ్ళ పాతది. కట్టకు ఒక కొసన మా ఊరు, మరో కొసన అనంతపురం. గుర్రం మీద బయలుదేరిన దొరకు ఈ కట్ట కనబడకుండా పోయే దారి లేదు.

సుమారు ఎనభై మంది పాలెగాళ్ళు, వారి కోటలు, వారి బంట్లు, దశాబ్దాల దోపిడీలో పాడుపడిన ఊళ్ళు. అటువంటి సీమలో ఆయన ఎక్కువ కాలం గుడారాలలోనే గడిపాడు. ఊరూరికీ తిరిగేటప్పుడు సిపాయిల కాపలా పెట్టుకొనేవాడు కాదు. తుపాకులు చుట్టూ ఉంటే రైతు దగ్గరకు రాడు, వచ్చినా నిజం చెప్పడు అన్నది ఆయన లెక్క. క్యాంపు క్లర్కుగా నేను జీపు వెనక సీట్లో ఎన్నో గ్రామాలు తిరిగాను. దుమ్ము తప్ప ఏమీ చూడలేదని చెప్పడానికి సిగ్గుపడను. పల్లకీలో పోయేవాడికి తెర కనబడుతుంది. గుర్రం మీద కూర్చున్నవాడికి కంపకు అవతల జొన్న ఎంత ఎదిగిందో కనబడుతుంది, బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో వంగి చూడవచ్చు, కావాలంటే అక్కడే దిగవచ్చు. ముసలి గుర్రంతో నడిచిన మనిషికి దిగడం నామోషీ కాదు.

1802లో మొదలైన భూమి కొలత 1806 నాటికి పూర్తయింది. 33 అడుగుల గొలుసు పట్టి కొలిచారు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు అయితే ఒక గుంట. నలభై గుంటలు ఎకరా. నడుమ కరువు ఏళ్ళు వచ్చాయి. 1803లో ఉత్తరాన మరాఠాలతో యుద్ధం చేస్తున్న ఆర్థర్ వెల్లస్లీ సేనకు ఎద్దులూ ధాన్యమూ ఈ బీద సీమ నుంచే పంపవలసి వచ్చింది.

ఆయనను దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. పాలెగాళ్ళను అణచడంలో కఠినంగా పోయాడని పైవాళ్ళే ఆక్షేపించారు. ఆయన హయాములో వేసిన శిస్తు కూడా తేలికైనది కాదు. పంటలో సర్కారు వాటా నూటికి 45 వంతుల దాకా పడింది. కానీ ఏడేళ్ళు ఈ నేల మీద తిరిగిన తరువాత, అది రైతు మోయలేని బరువని తనే ఒప్పుకొన్నాడు. 1807లో సెలవుపై స్వదేశానికి పోయేముందు, శిస్తు నాలుగోవంతు తగ్గించమనీ, బావి కింది తోట భూములకు ఇంకొంత తగ్గించమనీ నివేదిక పంపాడు. తను కట్టిన లెక్క తప్పని పైకి రాసుకొనే అధికారిని నా ముప్పై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్కణ్ణీ చూడలేదు. ఆ నివేదికను పైవాళ్ళు అమలు చేయలేదు. 1808 నుంచి ఊళ్ళకు ఊళ్ళే గుత్తకిచ్చారు. గుత్తదార్లు చితికిపోయారు, రైతులు అంతకంటే చితికిపోయారు. 1820లో ఆయన చెన్నపట్నం గవర్నరుగా వచ్చిన తరువాత గాని ఆ తగ్గింపు మన సీమకు దక్కలేదు.

మధ్యలో ఒక మాట. గుర్రం రాని అధికారి జిల్లా పాలించలేడన్న నమ్మకం మన్రో తరువాత శతాబ్దం పైగా నిలిచింది. ఐ.సి.ఎస్. అభ్యర్థులకు స్వారీ పరీక్ష ఉండేది. చదువులో నెగ్గిన అరవింద ఘోష్ 1892లో ఆ స్వారీ పరీక్షకు హాజరు కాకపోవడం వల్లనే సర్వీసుకు దూరమయ్యారు. దేశానికి అది మేలే అయింది. మా అమ్మాయికి ఈ సంగతి మాత్రం ఉత్తరంలో రాయలేదు. రాస్తే అదే సాకుగా పట్టుకొని వచ్చేస్తుందని భయం!

మన్రో 1814లో జేన్ క్యాంప్‌బెల్‌ను పెళ్ళి చేసుకొని మళ్ళీ చెన్నపట్నం వచ్చాడు. 1817-18 మరాఠా యుద్ధంలో, యాభై ఆరో ఏట, బ్రిగేడియర్ జనరల్‌గా తిరిగి గుర్రమెక్కి ధార్వాడ సీమ నుంచి షోలాపూరు దాకా కోటలు పట్టాడు. ఇచ్చిన సైన్యం చాలక ఆ ఊళ్ళ బంట్లనే జీతానికి పెట్టుకొని పని నడిపాడు. మన ఉద్యోగులు ఒకప్పుడు రిటైరుమెంటు కాగితాలు సర్దుకొనే వయసు అది.

గవర్నరుగా ఏడేళ్ళు. 1826లో భార్య చిన్న కొడుకును తీసుకొని ఇంగ్లండు వెళ్ళిపోయింది. ఆయన కూడా వెళ్ళవలసినవాడే, కాని వారసుడు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. పోయేముందు తన పాత దత్తమండలాన్ని ఒక్కసారి చూసిరావాలని 1827 మే నెలాఖరులో బయలుదేరాడు. గుత్తి చేరేసరికి శిబిరంలో కలరా తగిలింది. జూలై 6వ తేదీ ఉదయం పత్తికొండలో ఆయనకు జబ్బు సోకింది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. వయసు అరవై ఆరు. గుత్తి కోట కింద పాతిపెట్టి, 1831లో అస్థులను చెన్నపట్నం కోటలోని సెయింట్ మేరీ చర్చికి చేర్చారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామివారు ఆయనతో మాట్లాడారనీ, గండి క్షేత్రంలో బంగారు తోరణం కనబడిందనీ జనం చెప్పుకొనే కథలు మీకందరికీ తెలిసినవే. మన సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. అంతకంటే నేను కలపవలసింది లేదు.

చెన్నపట్నం ఐలండ్ మైదానం దగ్గర ఆయన అశ్వారూఢ విగ్రహం ఉంది. ప్రజల చందాలతో, లండనులో ఫ్రాన్సిస్ చాంట్రీ అనే శిల్పి పోతపోశాడు. 1839లో ప్రతిష్ఠించారు. గుర్రానికి జీను లేదు, రికాబులు లేవు. శిల్పి మరిచిపోయాడనీ, తెలిసి ప్రాణం తీసుకున్నాడనీ ఒక కట్టుకథ ఉంది. చాంట్రీ 1841లో మామూలుగానే చనిపోయాడు. లండనులో నాలుగో జార్జి రాజుకు ఆయనే చేసిన విగ్రహానికీ రికాబులు లేవు. అది మరపు కాదు, ఆయన పద్ధతి.

మా అమ్మాయి శిక్షణ పూర్తిచేసింది. ఉద్యోగంలో చేరిన రెండేళ్ళకు నా కంటి ఆపరేషను కోసం ఇద్దరమూ చెన్నపట్నం వెళ్ళినప్పుడు ఆటో ఆపించి ఆ విగ్రహం చూపించాను. కట్టు కట్టిన కంటితో నాకు సరిగా కనబడలేదు. అదే చుట్టూ తిరిగి చూసి వచ్చింది. తమకు కూడా పడిన తరువాత నెల రోజులు రికాబులు తీసేసి ఎక్కించారనీ, కాలికి ఆసరా లేకపోతేనే నడుము నిలవడం నేర్చుకుంటుందనీ, ఆ నెలలో మరి మూడుసార్లు పడ్డాననీ అప్పుడు చెప్పింది. ఆ మూడు సంగతీ ఇంటికి ఎందుకు చెప్పలేదని అడిగాను. మళ్ళీ ఆరు పేజీల ఉత్తరం వస్తుందని అంది. ఆటోవాడు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. ఎక్కి సెంట్రల్ స్టేషనుకు వచ్చాము.