జిగురులో దొరికిన మాస్టారు

మా మినీ ప్రాజెక్టులో గాజు పలక మీద పాలిమర్ పూత వేశాం. నీళ్లు తగిలాయో లేదో, చేప పొలుసులా ఊడొచ్చింది. మూడోసారీ అంతే. వదిలేద్దాం అనుకున్నాం. కెమిస్ట్రీ మేడం మాత్రం ముందు గాజుకి సిలేన్ రాసి చూడమన్నారు. రాశాం, పూత నిలిచింది. నేను సీఎస్‌ఈ వాణ్ణి, సిలికాన్ అంటే నాకు చిప్పే. ఈ సిలేన్ ఎక్కడిదా అని వెతికితే ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ దొరికారు.

1863లో మాంచెస్టర్‌లో పుట్టారు. మ్యూనిక్‌లో పరిశోధన చేసి, 1897లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో ప్రొఫెసర్‌గా చేరారు. 1936లో రిటైరయ్యేదాకా అక్కడే. పర్కిన్ జూనియర్‌తో కలిసి ఆర్గానిక్ కెమిస్ట్రీ పాఠ్యపుస్తకం రాశారు. ఆ పర్కిన్ ఆయనకి తోడల్లుడు కూడా!

పీరియాడిక్ టేబుల్‌లో కార్బన్ కిందే సిలికాన్. అన్న చేసేవన్నీ తమ్ముడూ చేస్తాడా అన్నదే ఆయన ప్రశ్న. కీటోన్ లాంటిదే అనుకుని ఒక పదార్థాన్ని 1901లో సిలికోన్ అన్నారు. పోలిక తప్పింది, పేరు మిగిలింది. 1904 నుంచి గ్రిగ్నార్డ్ కారకంతో సిలికాన్‌కి కార్బన్ గుంపులు తగిలించారు. ఆయనకి కావాల్సింది శుభ్రమైన స్ఫటికాలు. ఫ్లాస్కులో మిగిలిందేమో తరచూ జిగురు. ఆ జిగురు ఆయనకి ఒక తలనొప్పి, అంతే.

రిటైరయ్యే రోజుల్లో రాయల్ సొసైటీలో బేకేరియన్ ఉపన్యాసం ఇస్తూ, ఈ రంగంలో ఇప్పట్లో పెద్ద ముందడుగు ఉంటుందన్న ఆశ తనకి లేదన్నారు. నలభై ఏళ్లకు దగ్గరగా చేసిన పని మీద ఆయన తీర్పు అది!

1943లో అమెరికాలో సిలికోన్ల కోసమే డౌ కార్నింగ్ కంపెనీ పుట్టింది. ఆ దశాబ్దంలోనే గాజు పీచుని రెజిన్‌తో పట్టి ఉంచడానికి సిలేన్లు వాడటం మొదలైంది. కిటుకు చిన్నదే. సిలేన్ అణువుకి రెండు చేతులు. ఒక చివర తేమతో చర్య జరిపి గాజు మీది హైడ్రాక్సిల్ గుంపుల్ని పట్టుకుంటుంది, రెండో చివర పాలిమర్‌ని. మధ్యలో సిలికాన్‌కీ కార్బన్‌కీ ఉన్న బంధం, ఆయన జీవితమంతా కడుతూ వచ్చిన బంధమే.

1949లో వేల్స్‌లోని క్రిచియెత్‌లో పోయారు. తన తీర్పు తప్పడం చూసే వెళ్లారు.

మా ఊడిపోయిన మూడు పలకలు ఇంకా హాస్టల్ రూములోనే ఉన్నాయి. పారేయబుద్ధి కాలేదు.