గణితంతో అణువులను చదివిన సూరి భగవంతం



సెలవులకు వైజాగ్ వెళ్లొచ్చిన పిల్లలు క్లాసులో ఒక డౌటు అడిగారు. చీకట్లో సముద్రం మీద వస్తున్నది చేపల పడవో, శత్రువుల ఓడో నేవీ వాళ్లకు ఎలా తెలుస్తుందని. పొరపాటు పడితే అమాయకులైన జాలర్ల ప్రాణాలే పోవచ్చు. జవాబు చెప్పడానికి నేను ఎంచుకున్నది ఒక తెలుగు శాస్త్రవేత్త జీవితం. మన చెంగిచెర్ల నుంచి ఉప్పల్, హబ్సిగూడ దాటితే వచ్చే ఉస్మానియా యూనివర్సిటీకి ఆయన ఒకప్పుడు వైస్ ఛాన్సలర్.

సూరి భగవంతం గారు 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివారు. 1928లో, ఇరవై ఏళ్లు నిండకముందే, కలకత్తాలో సి.వి. రామన్ దగ్గర పరిశోధనకు చేరారు. రామన్ ఎఫెక్ట్ కనుగొన్న సంవత్సరం అదే. 1932లో వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చారు.

అక్కడ ఆయన్ను ఆకట్టుకున్నది అణువుల సౌష్ఠవం, అంటే సిమెట్రీ. అణువులు ఎప్పుడూ కంపిస్తుంటాయి. వాటిలో ఏ కంపనం ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకుంటుంది, ఏది రామన్ ఎఫెక్ట్‌లో కనిపిస్తుంది అన్నది ఆ అణువు సౌష్ఠవాన్ని బట్టి లెక్క కట్టవచ్చు. దానికి కావలసిన గణితాన్ని టి. వెంకటరాయుడు గారితో కలిసి ఆయన 1948లో పుస్తకంగా తెచ్చారు. గ్రూప్ థియరీ అనే ఆ గణితం చూడటానికి దేనికీ పనికిరానట్టే ఉంటుంది.

ఇప్పుడు ఓడ దగ్గరకు వద్దాం. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలను వదులుతుంది. ఓడ ఇంజిన్, పొగగొట్టం చుట్టూ ఉన్న నీటికంటే వేడిగా ఉంటాయి కాబట్టి చీకట్లోనూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాకు దొరుకుతాయి. ఆ వేడి ఎక్కడెక్కడ ఉంది, ఓడ ఆకారం ఎలా ఉంది అన్నదాన్ని బట్టి అది ఏ రకం ఓడో గుర్తుపడతారు. అయితే మధ్యలో గాలి ఉంది. నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఈ కిరణాలను దాదాపుగా అడ్డుకోవు. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ మాత్రం కొన్నింటిని పీల్చేస్తాయి. ఈ తేడాకు కారణం అణువుల సౌష్ఠవమే. అందుకే ఇలాంటి కెమెరాలను ఎక్కువగా 3–5, 8–12 మైక్రోమీటర్ల కిరణాలకు తయారుచేస్తారు. గాలి దారి ఇచ్చేది అక్కడే.

భగవంతం గారు ఆ కెమెరాలు తయారుచేయలేదు. కానీ వాటి వెనక ఉన్న విజ్ఞానంలో ఆయన కృషి ఉంది. 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా వీసీగా, తర్వాత 1962 వరకు బెంగళూరు ఐఐఎస్‌సీ డైరెక్టర్‌గా ఉన్నారు. 1961 నుంచి 1969 వరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. చైనా, పాకిస్తాన్ యుద్ధాలు జరిగిన కాలం అది. 1989లో కన్నుమూశారు.

ఇది పరీక్షలో వస్తుందా అని పిల్లలు అడుగుతుంటారు, కొన్నిసార్లు మనమూ అడుగుతాం. ఈసారి అలా అనిపిస్తే ఆ గ్రూప్ థియరీని గుర్తుచేసుకోండి.

ఇంట్లో చేసి చూడండి: చీకటి గదిలో టీవీ రిమోట్ బటన్ నొక్కి, ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. చాలా ఫోన్లలో చిన్న వెలుగు కనిపిస్తుంది. అదీ ఇన్‌ఫ్రారెడే. ఓడ వేడి నుంచి వచ్చే కిరణాలు ఇంకా పొడవైనవి, ఫోన్ కెమెరాకు అవి అందవు.