నోటిలోని లోకాన్ని చూచిన వర్తకుడు

విజ్ఞానశాస్త్ర చరిత్రను పరిశీలిస్తే, గొప్ప సత్యాలన్నీ విశ్వవిద్యాలయాల గోడల మధ్యనే వెలుగు చూడలేదని తెలుస్తుంది. మాతృభాష తప్ప మరొక భాష ఎరుగని ఒక బట్టల వర్తకుడు మానవజాతికి ఒక నూతన లోకాన్నే చూపించినాడు. ఆయన పేరు ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. ఆయన జీవితాన్ని, అందులోనూ దంతాలపై ఆయన చేసిన పరిశోధనను మా సోదర సోదరీ విద్యార్థుల ముందుంచాలని ఈ వ్యాసాన్ని వ్రాస్తున్నాము.

లీవెన్‌హుక్ 1632 అక్టోబరు 24వ తేదీన హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో జన్మించినాడు. తండ్రి బుట్టలు అల్లి జీవించేవాడు. బాల్యంలోనే ఆయనకు పితృవియోగం కలిగింది. పదహారవ ఏట ఆమ్‌స్టర్‌డామ్ వెళ్ళి ఒక బట్టల వర్తకుని వద్ద పని నేర్చుకొన్నాడు. 1654లో స్వస్థలానికి తిరిగివచ్చి, వివాహం చేసికొని, సొంత కొట్టు తెరిచినాడు. ఐదుగురు బిడ్డలలో నలుగురు పసితనంలోనే గతించగా, మరియా అనే కుమార్తె ఒక్కతే మిగిలింది. 1660లో నగర కార్యాలయంలో ఒక ఉద్యోగం లభించింది. ఆయన కళాశాల మెట్లెక్కలేదు. ఆనాటి పండితభాషయైన లాటిన్ ఆయనకు రాదు. వచ్చినదల్లా డచ్చి భాష ఒక్కటే.

బట్టల వర్తకులు నూలుపోగుల నాణ్యాన్ని భూతద్దంతో పరీక్షించేవారు. లీవెన్‌హుక్ అంతటితో ఆగలేదు. అద్దాలను తానే సానపట్టి, ఐదువందలకు పైగా కటకాలు తయారుచేసినాడు. ఆయన సూక్ష్మదర్శినిలో చిన్న లోహపు రేకుల మధ్య బిగించిన ఒకే ఒక కటకం ఉండేది. నేటికి మిగిలినవాటిలో శ్రేష్ఠమైనది వస్తువును సుమారు 270 రెట్లు పెద్దదిగా చూపుతుంది.

1673 నుండి ఆయన తాను చూచిన వింతలను లండనులోని రాయల్ సొసైటీకి లేఖల రూపంలో డచ్చిలోనే వ్రాసినాడు. మిరియాల ఘాటుకు కారణమేమో తెలిసికొనగోరి వాటిని నీటిలో నానబెట్టి, ఆ నీటిలో కదలాడే అతిసూక్ష్మ జీవులను గాంచి, 1676లో ఆ సంగతి తెలియజేసినాడు. పండితులు మొదట నమ్మలేదు. ఆయన కోపగించుకొనక, తన ఇంట స్వయంగా ఆ జీవులను చూచిన పెద్దమనుషుల సాక్ష్యపత్రాలను పంపినాడు. 1677లో రాబర్ట్ హుక్ ఆ ప్రయోగాన్ని తిరిగి చేసి నిజమని నిర్ధారించినాడు. 1680లో సొసైటీ ఆయనను తన సభ్యునిగా ఎన్నుకొన్నది.

ఇక దంతాల విషయం. 1683 సెప్టెంబరు 17వ తేదీన వ్రాసిన లేఖలో ఆయన తన నోటినే ప్రయోగశాలగా చేసికొన్నాడు. ప్రతి ఉదయం ఉప్పుతో పళ్ళు తోముకొని, నీటితో పుక్కిలించడం ఆయన అలవాటు. భోజనానంతరం పుల్లతో పళ్ళసందులు శుభ్రపరచి, గుడ్డతో రుద్దేవాడు. అయినా పళ్ళ మధ్య పిండివంటి తెల్లని పాచి కొంత నిలిచే ఉండేది. దానిని వాననీటిలో కలిపి చూడగా, అందులో లెక్కకు మించిన జీవులు వేగంగా సంచరిస్తున్నవి! మానవుని నోటిలోని బాక్టీరియాను లోకానికి తెలిపిన తొలి వర్ణన ఇదే.

ఆయన అంతటితో తృప్తిపడలేదు. ఘాటైన వెనిగర్, అనగా సిర్కా, నోట పోసికొని పుక్కిలించి, మరల పాచిని పరీక్షించినాడు. దవడపళ్ళ సందులలో జీవులు బ్రతికే ఉన్నవి. కాని పాచిని వెలికి తీసి, దానిలో కొద్దిపాటి సిర్కా కలపగానే అవి చచ్చిపోయినవి. సిర్కా పైపొరలోని జీవులనే చంపగలదనీ, లోతున దాగినవాటిని చేరలేదనీ ఆయన గ్రహించినాడు. 1692లో తన ముందుపళ్ళ పాచిలో జీవులు కానరాకపోగా, తాను త్రాగే వేడి కాఫీయే కారణమని ఊహించినాడు. ఆ వేడి తగలని వెనుకపళ్ళ పాచిలో మాత్రం అవి పుష్కలంగా ఉన్నవి.

ఈ చిన్న పరీక్షలోని గొప్పతనం రెండు శతాబ్దాల అనంతరం గాని పూర్తిగా బోధపడలేదు. నోటిలోని క్రిములు చక్కెరను ఆమ్లంగా మార్చి పంటిని కరిగిస్తాయని 1890లో విల్లోబీ మిల్లర్ బెర్లిన్‌లో వివరించినాడు. పాచి కేవలం మురికి కాదు. క్రిములు తామే స్రవించిన జిగటలో గూడుకట్టుకొని నివసించే పొర. దీనినే నేడు బయోఫిల్మ్ అంటున్నారు. ఔషధం ఆ గూటిలోనికి చొరబడడం కష్టం.

పిప్పిపన్ను నింపిన తరువాత కూడా, పంటికీ నింపిన పదార్థానికీ మధ్యగల సన్నని సందులో క్రిములు చేరితే పన్ను మరల పుచ్చుతుంది. అందుచేత 1990 దశకంలో జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు క్రిమిసంహారక శక్తిని దంతవైద్యులు వాడే జిగురులోనే కలిపినారు. అది గట్టిపడిన పిదప కూడా తనను తాకిన క్రిములను నశింపజేయగలదు. కాని లాలాజలపు పొర, చచ్చిన క్రిములు దానిని కప్పివేస్తే ఆ శక్తి తగ్గిపోతుంది. తాకనివి బ్రతికే ఉంటాయి. సిర్కా పైవాటిని చంపి లోపలివాటిని విడిచినది. జిగురు తనను అంటినవాటిని చంపి పైవాటిని విడుస్తున్నది. పొరను చెదరగొట్టనిదే ఏ మందూ పూర్తిగా పనిచేయదు. వేపపుల్లయైనా, మిస్వాక్ అయినా, బ్రష్ అయినా, రుద్ది తోమడమే నేటికీ మొదటి రక్ష.

లీవెన్‌హుక్ 1723 ఆగస్టు 26వ తేదీన, తన తొంబదవ ఏట, డెల్ఫ్ట్‌లోనే కన్నుమూసినాడు. 26 వెండి సూక్ష్మదర్శినులను రాయల్ సొసైటీకి అర్పించినాడు. అవి తరువాతి కాలంలో పోయినవి. తన ఉత్తమమైన పరిశీలనా పద్ధతిని ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇది ఆయన జీవితంలోని లోపమని మేము భావిస్తున్నాము. పంచుకొనని విద్య గురువుతోనే అంతరిస్తుంది.

ఉర్దూలోనో తెలుగులోనో చదువుకొన్నామని కించపడే విద్యార్థులు మనలో లేకపోలేదు. డచ్చి తప్ప మరొకటి ఎరుగని ఈ వర్తకుని లేఖలను పండితులే అనువదించుకొని చదివినారు. ఇతర భాషలు నేర్వడం అవసరమే. కాని చూడగల కన్ను, చూచినదానిని పరీక్షించే ఓర్పు, ఉన్నదున్నట్లు చెప్పే నిజాయితీ ఏ భాషలోనైనా అలవరచుకొనవచ్చు. మన విద్యార్థులు ఆ గుణాలను ఆయన నుండి గ్రహించి, నేర్చినదానిని పదుగురికి పంచగలరని ఆశిస్తున్నాము.