డబ్బింగ్ రాసిన మహాకవి

2023 మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్ వచ్చినప్పుడు నేను ఇంకా స్కూల్లోనే ఉన్నాను. పీలమేడులో మాలాంటి తెలుగిళ్ల పిల్లలు ఇంటి గుమ్మం దాటితే తమిళమే మాట్లాడతారు. ఆ రోజు మాత్రం క్లాసులో గట్టిగా తెలుగులో పాడాను, ఎవరూ నవ్వలేదు. ఆ అవార్డుకి ఒక నియమం ఉందని తర్వాత చదివాను. పాట ఆ సినిమా కోసమే రాసినదై ఉండాలట. ముందే అచ్చయిన కవితకి ట్యూన్ కట్టి తెస్తే చెల్లదు. ఈ ఏడాది శ్రీశ్రీ గురించి చదువుతుంటే ఆ నియమం మళ్లీ గుర్తొచ్చింది. ఆయన కవితలూ సినిమాలకెక్కాయి, సినిమాల కోసం విడిగా రాసిన పాటలూ ఉన్నాయి. మనం మొదటివాటికే దండం పెడతాం. రెండోవాటిని పొట్టకూటి రాతలని పక్కన పెట్టేస్తాం.

శ్రీరంగం శ్రీనివాసరావు 1910లో విశాఖపట్నంలో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయింది. 1928లో, అంటే పద్దెనిమిదేళ్లకే, ‘ప్రభవ’ పుస్తకం వేశారు. (నాకిప్పుడు పంతొమ్మిది. నేను వేసింది ఈ గోడ మీది కాగితమే.) బి.ఎ.లో చదివింది జంతుశాస్త్రం. కొన్నాళ్లు కాలేజీలో డెమాన్‌స్ట్రేటర్‌, తర్వాత మద్రాసులో ఆంధ్రప్రభ సబ్‌ఎడిటర్‌. ‘మహాప్రస్థానం’ కవితలు చాలామట్టుకు 1930లలోనే రాసేశారు. చలం ముందుమాట కూడా 1940లోనే సిద్ధం. అయినా పుస్తకం రావడానికి 1950 దాకా పట్టింది.

ఆ 1950లోనే ఇంకొకటి జరిగింది. ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ సినిమా ‘ఆహుతి’ పేరుతో తెలుగులోకి వచ్చింది. తెలుగులో మొదటి డబ్బింగ్ సినిమా అదే. మాటలు, పాటలు శ్రీశ్రీవి. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు డబ్బింగే ఆయనకి అన్నం పెట్టింది.

ఆ పని ఎంత కష్టమో నాకు కాస్త తెలుసు. నెల్లూరు నుంచి వచ్చిన మా వదినకి తమిళ సీరియల్ అప్పటికప్పుడు తెలుగులో చెప్తుంటాను. నా మాట ఎప్పుడూ నటి పెదవుల వెనకాలే పడుతుంది. తమిళంలో మరం, పణం, పళం అన్నీ నోరు మూసుకుని ఆగుతాయి. తెలుగులో చెట్టు, డబ్బు, పండు... నోరు తెరిచే ఉంటుంది. హిందీ మాటలు కూడా చాలావరకు హల్లు మీదే ఆగుతాయి. తెర మీద పెదవులు మూసుకున్నచోట మనకి ప, బ, మ లాంటి అక్షరం పడాలి, అర్థం చెడకూడదు, కొలత దాటకూడదు. ఛందస్సు సంకెళ్లు వద్దన్న కవి పరాయి మనిషి పెదవులకి కట్టుబడి రాశారు! ఇందులో చిన్నతనం ఏముందో నాకు అర్థం కాదు. నా సీరియల్ తెలుగు విని వదిన, ఇదేం తెలుగని నవ్వుతుంది. అందుకే ఆయన పక్షాన ఇంత గట్టిగా మాట్లాడుతున్నానేమో.

నేరుగా తెలుగులో తీసిన సినిమాలకీ చాలానే రాశారు. ‘ఆరాధన’ (1962), ‘డాక్టర్ చక్రవర్తి’ (1964)లలో మెత్తని ప్రేమపాటలు ఆయనవి ఉన్నాయి. ఎర్రజెండా కవి రాశాడంటే మా అవ్వ నమ్మలేదు.

ఇక 1974లో ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. కృష్ణకి నూరో సినిమా. అందులో ‘తెలుగు వీర లేవరా’ పాటకి సంగీతం ఆదినారాయణరావు, పాడినవాళ్లు ఘంటసాల, రామకృష్ణ. సినిమా మే 1న విడుదలయ్యేసరికి ఘంటసాల లేరు, ఫిబ్రవరిలోనే పోయారు. ఆ పాటకి శ్రీశ్రీకి జాతీయ అవార్డు వచ్చింది. పాటల రచనకి ఆ అవార్డు 1968 సినిమాలతో మొదలైంది, మొదట అందుకున్నది తమిళ కవి కణ్ణదాసన్. తెలుగుకి తెచ్చిన మొదటివాడు శ్రీశ్రీ. అదీ సినిమా కోసమే పుట్టిన పాటతో. 1970లో విరసం మొదటి అధ్యక్షుడైన మనిషికి నాలుగేళ్లకే సర్కారు అవార్డు రావడం విచిత్రమే. కానీ పాట ఎవరి మీద? సర్కారుతో పోరాడి చచ్చిపోయినవాడి మీద. ‘నాటు నాటు’ ఉన్న ‘ఆర్ఆర్ఆర్’లో ఒక హీరో పేరు కూడా అల్లూరే, గమనించారా?

‘ఠాగూర్’ (2003) పాటకి సుద్దాల అశోక్‌తేజకి జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాట ఎత్తుగడ శ్రీశ్రీ కవితదే. ఆస్కార్ వాళ్లు ఒప్పుకునేవారో లేదో గాని, మన దగ్గర ఇచ్చారు.

శ్రీశ్రీ 1983 జూన్ 15న మద్రాసులోనే పోయారు. అంతకు రెండేళ్ల ముందు ‘ఆకలి రాజ్యం’ వచ్చింది. బాలచందర్ దాన్ని తమిళంలో ‘వరుమయిన్ నిరమ్ సివప్పు’గా తీశారు. తమిళంలో కమల్ హాసన్‌కి భారతియార్ అంటే ప్రాణం, తెలుగులో శ్రీశ్రీ అంటే ప్రాణం. మా ఇంట్లో అవ్వ తమిళందే చూసింది, నేను ఈమధ్య తెలుగుది చూపించాను. అవ్వ కాసేపు కమల్ నోటివంకే చూసింది. మాట పెదవులకి ఇంత బాగా ఎలా కుదిరిందని అడిగింది. అది డబ్బింగ్ కాదవ్వా, తెలుగులో వేరేగా తీశారు అని చెప్పాను.